ఒక్క తాళంచెవి, ఆరంకెల సంఖ్య

లారీకి ఇగ్నిషన్ తాళం మార్చిన మర్నాడే డ్రైవరు జేబులోకి రెండో తాళంచెవి చేరుతుంది. క్యాబిన్ తలుపులకు పాతది, బండి స్టార్టు చేయడానికి కొత్తది. ఇంట్లో యజమాని దాచుకున్న జతకూ, క్లీనరు దగ్గరుండే నకలుకూ అదే గతి. కొన్నాళ్లకు వాటిలో ఒకటి పోతుంది. అప్పుడు తలుపు తెరుచుకున్నా బండి కదలదు, లేదంటే బండి నడుస్తున్నా సరుకు దింపే చోట క్యాబిన్‌కు తాళం పడదు. ఈ చిక్కుకు మనకు ఎక్కువగా వినిపించే సలహాలు రెండు. 'రెండూ ఉంచుకోండి' అన్నది ఒకటి. 'తలుపులవి కూడా కలిపి సెట్టు మొత్తం మార్చేద్దాం' అన్నది రెండోది. మొదటిదానితో ఇబ్బంది అలాగే ఉండిపోతుంది. రెండోదానితో బాగున్న తలుపు తాళాలు చెత్తలోకి పోతాయి.

మూడో దారి ఉంది. కొత్త ఇగ్నిషన్ తాళాన్ని విప్పి, లోపలి అమరిక మార్చి, పాత తలుపు తాళంచెవికే తిరిగేలా చేయవచ్చు. దానికి కావలసినవి ఒక వెర్నియర్ కాలిపర్, నాలుగైదు రకాల చిన్న ఇత్తడి రేకులు, ఓపిక. తాళంచెవిని ఒక లోహపు ముక్కగా కాక ఒక సంఖ్యగా చూడగలిగితే, మిగతా పనంతా ఆ చూపు నుంచే వస్తుంది.

తాళం లోపల ఏముంది

ఇళ్ల తలుపులకు మనం వాడే పిన్నుల తాళానికి ఇప్పటి రూపం ఇచ్చినవాడు అమెరికాకు చెందిన లైనస్ యేల్ జూనియర్. 1860లలో ఆయన పొందిన పేటెంట్లతో పలుచని, గాట్లున్న తాళంచెవి వాడుకలోకి వచ్చింది. కార్లు, లారీలలో ఎక్కువగా కనిపించేది దానికి దగ్గరి బంధువైన మరో రకం. అందులో పిన్నులకు బదులు పలుచని రేకులుంటాయి. వాటిని వేఫర్లంటారు. ఫైలో ఫెల్టర్ అనే ఆయన 1868లో అమెరికాలో ఇలాంటి తాళానికి పేటెంటు పొందాడు. చవక, చిన్న పరిమాణం, కుదుపులకు తట్టుకునే గుణం కలిసి రావడంతో అది బళ్లలో స్థిరపడింది.

ఇగ్నిషన్ తాళంలో ముఖ్య భాగాలు రెండు. బయట కదలకుండా ఉండేది హౌసింగ్. దాని లోపల తాళంచెవితో పాటు తిరిగేది బ్యారెల్. బ్యారెల్‌కు అడ్డంగా వరసగా చీలికలుంటాయి. ప్రతి చీలికలో ఒక వేఫరు, దాన్ని నెట్టే చిన్న స్ప్రింగు ఉంటాయి. తాళంచెవి లేనప్పుడు స్ప్రింగు వేఫరును ఒక పక్కకు తోస్తుంది. దాని కొస బ్యారెల్ హద్దు దాటి హౌసింగులోని గాడిలో దిగబడుతుంది. ఒక్క వేఫరు అలా దిగబడి ఉన్నా బ్యారెల్ తిరగదు.

ప్రతి వేఫరు మధ్యలో దీర్ఘచతురస్రాకారపు రంధ్రం ఉంటుంది. తాళంచెవి ఆ రంధ్రాల గుండా లోపలికి పోతుంది. ఒక్కో గాటు తన ఎదురుగా ఉన్న వేఫరును కొంత ఎత్తుకు లేపుతుంది. గాటు సరైన లోతులో ఉంటే వేఫరు రెండు కొసలూ బ్యారెల్ అంచుతో సమంగా నిలుస్తాయి. గాటు మరీ లోతైతే వేఫరు చాలినంత లేవదు. లోతు తక్కువైతే ఎక్కువ లేచి రెండో పక్కన పొడుచుకొస్తుంది. ఎటు తప్పినా అడ్డమే. అన్నీ ఒకేసారి సమంగా నిలిచినప్పుడే బ్యారెల్‌కు దారి దొరుకుతుంది.

అమరిక మార్చడానికి ఆధారమైన సంగతి ఇక్కడే ఉంది. ఒక తాళంలోని వేఫర్లన్నీ బయటి కొలతల్లో ఒకటే. తేడా అల్లా రంధ్రం ఎంత ఎత్తులో ఉందన్నదే. ఆ ఎత్తును బట్టి వాటికి 1, 2, 3 అంటూ అంకెలుంటాయి. మూడో రకం వేఫరు మూడో లోతు గాటుకే సమంగా నిలుస్తుంది. ఏ చీలికలో ఏ అంకె వేఫరు వేశామన్నదే తాళానికి గుర్తింపు. ఫ్యాక్టరీలో తలుపులకూ ఇగ్నిషన్‌కూ ఒకే వరసలో వేఫర్లు పేరుస్తారు కాబట్టే ఒకే తాళంచెవి అన్నిటికీ పనిచేస్తుంది. వేరే వరసతో వచ్చిన కొత్త తాళంలోనూ అదే పేర్పు తిరిగి చేయడానికి అడ్డేమీ లేదు.

ఆరు గాట్లు, అయిదు లోతులు

లెక్క స్పష్టం కావాలంటే నిజమైన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ తన కార్లలో, షెవ్రొలే పికప్ ట్రక్కుల్లో దశాబ్దాల పాటు ఆరు గాట్ల తాళంచెవిని వాడింది. ఈ తాళంలో చిన్న మెరుగుదల ఉంది. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ 1935లో తెచ్చిన ఆ పద్ధతిలో ప్రతి వేఫరు అంచుకూ ఒక నొక్కు ఉంటుంది. నొక్కులన్నీ ఒకే గీతలోకి వచ్చినప్పుడు పక్కనున్న సన్నని కడ్డీ వాటిలోకి దిగి బ్యారెల్‌ను వదులుతుంది. అంకెల లెక్క మాత్రం మామూలు వేఫరు తాళం లెక్కే.

ఆ తాళంచెవి మీద ఒక్కో గాటుకు అయిదు లోతులు సాధ్యం. గాటు అడుగు నుంచి తాళంచెవి రెండో అంచు దాకా మిగిలిన వెడల్పును కొలిస్తే, ఒకటో లోతుకు 0.315 అంగుళాలు, అంటే సుమారు 8 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి ఒక్కో మెట్టుకు 0.025 అంగుళాలు తగ్గుతుంది. మిల్లీమీటర్లలో ఆ వరస సుమారుగా 8.00, 7.37, 6.73, 6.10, 5.46. మెట్టుకూ మెట్టుకూ నడుమ తేడా 0.635 మిల్లీమీటర్లు.

ఆరు స్థానాలు, ఒక్కోదానిలో అయిదు అవకాశాలు. అయిదును ఆరు సార్లు గుణిస్తే 15,625 వరసలు వస్తాయి. వాస్తవంలో అన్నీ వాడరు. పక్కపక్క గాట్ల మధ్య రెండు మెట్లకు మించి తేడా ఉంటే వాలు మరీ నిటారుగా మారి తాళంచెవి వేఫర్లకు తట్టుకుంటుంది. అన్ని గాట్లూ ఒకే లోతులో ఉంటే తెరవడం మరీ తేలిక. ఇలాంటివి తీసేయగా మిగిలినవాటినే ఫ్యాక్టరీ పంచుతుంది. కాబట్టి ఒకే మోడలు బళ్లు వేలల్లో తయారైతే, ఎక్కడో ఇంకో బండికి కూడా మన సంఖ్యే ఉండటం మామూలు విషయం.

అరిగిన తాళంచెవి నుంచి అసలు సంఖ్య

పాత తలుపు తాళంచెవి మన చేతిలో ఉంది. ఏళ్లుగా వాడి వాడి దాని పళ్లు మొద్దుబారాయి. అయినా దాని సంఖ్య తెలుసుకోవచ్చు. ఊహకు ఒక తాళంచెవి తీసుకుందాం. ఆరు గాట్లను వెర్నియర్‌తో కొలిస్తే వరసగా 7.25, 6.65, 7.85, 6.60, 6.05, 6.70 మిల్లీమీటర్లు వచ్చాయి. వీటిలో ఏ ఒక్కటీ పైన చెప్పిన వరసలో లేదు. కానీ తయారైన రోజున ఆ వరసలోవి కాక మరో కొలత ఉండే వీలు లేదు. కాబట్టి ప్రతిదాన్నీ దగ్గరి మెట్టుకు చేర్చాలి. 7.25 అంటే 7.37 కావాలి, రెండో లోతు. 6.65 అంటే 6.73, మూడో లోతు. అలా చూస్తూ పోతే సంఖ్య 2-3-1-3-4-3.

అరుగుదల ఒక మెట్టులో సగానికి, అంటే 0.32 మిల్లీమీటర్లకు లోపు ఉన్నంతకాలం ఈ పద్ధతి పొరపడదు. నిరంతరంగా మారే కొలతను కొన్ని నిర్ణీత మెట్లకు కట్టేయడమే ఇక్కడి కిటుకు. శబ్దాన్నీ చిత్రాన్నీ అంకెలుగా మార్చి చెడకుండా పంపే డిజిటల్ పరిజ్ఞానానికి కూడా ఆధారం ఇదే.

వీధి చివర దుకాణంలో నకలు చేయించినప్పుడు జరిగేది దీనికి విరుద్ధం. నకలు యంత్రం పాత తాళంచెవి అంచు వెంట నడుస్తూ, అరుగుదలతో సహా ఉన్నదున్నట్టు కొత్తదాని మీద దించుతుంది. దానికి తన సొంత పొరపాటు కొంచెం కలుపుతుంది. నకలుకు నకలు తీసిన కొద్దీ జిరాక్సుకు జిరాక్సు తీసినట్టు అసలు మసకబారుతుంది. మూడో తరం నకలు తలుపులో బలవంతంగా తిరుగుతూ వేఫర్లను కూడా అరగదీస్తుంది. సంఖ్య కనిపెట్టి, ఆ లోతులకే కొత్త బ్లాంకు (గాట్లు కోయని తాళంచెవి) కోయిస్తే, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలాంటి తాళంచెవి చేతికొస్తుంది. కొత్త ఇగ్నిషన్ తాళాన్ని కూడా ఆ సంఖ్యకే సరిచేయాలి, అరిగిన తాళంచెవికి కాదు.

సంఖ్యను తాళంచెవి నుంచి కాక తలుపు తాళం నుంచి చదవాలంటే ఒక హెచ్చరిక. అన్ని బళ్లలోనూ తలుపు తాళం మొత్తం సంఖ్యను పట్టించుకోదు. 1980ల నడుమ నుంచి ఫోర్డ్ సంస్థ వాడిన పది గాట్ల తాళంచెవిలో తలుపు తాళం కొన్ని స్థానాలనే చూస్తుంది, ఇగ్నిషన్ తాళం మరికొన్నిటిని చూస్తుంది. అలాంటి బండికి తలుపు తాళం ఒక్కటే విప్పి చూస్తే సగం సంఖ్యే తెలుస్తుంది.

జబ్బు ఎక్కడుందో ముందు తేల్చాలి

తాళం మార్చే ముందు తప్పు నిజంగా తాళానిదేనా అని చూడాలి. ఇగ్నిషన్ తాళం, దాని వెనకుండే ఇగ్నిషన్ స్విచ్ రెండూ వేరు. తాళం యాంత్రికమైనది, స్విచ్ విద్యుత్తుది. తాళంచెవి హాయిగా తిరుగుతున్నా డ్యాష్‌బోర్డులో దీపాలు రాకపోతే, స్టార్టరు పలకకపోతే, బ్యాటరీ, ఫ్యూజులు, వైర్లతో పాటు ముందుగా అనుమానించాల్సింది స్విచ్‌నే. తాళంచెవి లోపలికి దిగినా తిరగకపోతే తాళాన్ని చూడాలి. అందులోనూ స్టీరింగ్ లాక్ మీద ఒత్తిడి పడి బిగుసుకుందేమో పరీక్షించాలి. స్టీరింగును అటూ ఇటూ కొద్దిగా ఆడిస్తూ తిప్పితే తిరిగిందంటే తాళం బాగానే ఉన్నట్టు.

ఇన్ని పనులు ఒకే తాళంచెవి మీద పడటం ఒక్కసారిగా జరగలేదు. తాళంచెవిని తిప్పగానే స్టార్టరు కూడా పనిచేసే ఏర్పాటును క్రైస్లర్ 1949లో తెచ్చింది. 1969 మోడళ్లలో జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ తాళాన్ని స్టీరింగ్ కాలమ్ మీదకు చేర్చి, స్టీరింగును బిగించే పనిని కూడా దానికే అప్పగించింది. మన పాత డీజిల్ లారీల సంగతి వేరు. డీజిల్ ఇంజన్‌లో ఇంధనాన్ని రగిలించేది సిలిండర్లలో ఒత్తిడికి వేడెక్కిన గాలే, విద్యుత్ రవ్వ కాదు. అందుకే స్టార్టయిన ఇంజన్‌ను ఆపడానికి తాళంచెవితో నిమిత్తం లేకుండా స్టాప్ నాబ్ లాగేవారు. స్టార్టరు మోటారుకు వందల ఆంపియర్ల విద్యుత్తు కావాలి. అది తాళం దగ్గరకు రాదు, సోలినాయిడ్ గుండా బ్యాటరీ నుంచి నేరుగా వెళ్తుంది. తాళం పంపేది ఆ సోలినాయిడ్‌కు చిన్న సంకేతం మాత్రమే.

తలుపు తాళాలు బాగుండగా ఇగ్నిషన్ తాళమే ముందు పోవడానికి కారణం వాడకం. తలుపును రోజుకు కొన్నిసార్లు తెరుస్తాం. సరుకు ఎత్తే చోట, దింపే చోట, వేబ్రిడ్జి దగ్గర, డీజిల్ బంకులో బండి ఆపి తీయడం అంతకంటే ఎక్కువ. పైగా నడుస్తున్నంతసేపూ తాళంచెవి అందులోనే ఉండి రోడ్డు కుదుపులన్నీ భరిస్తుంది. చీమకుర్తి గ్రానైటు క్వారీల దారుల్లో తిరిగే బళ్లకు రాతి దుమ్ము కూడా తోడవుతుంది. తాళంలో నూనె పోస్తే ఆ దుమ్ము దానికి పట్టుకుని రుబ్బుడు పిండిలా మారుతుంది. పొడి గ్రాఫైటు మేలు.

తాళంచెవుల గుత్తి బరువును కూడా తేలిగ్గా తీసుకోకూడదు. 2014లో జనరల్ మోటార్స్ సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. వాటి ఇగ్నిషన్ స్విచ్‌లు తాళంచెవిని గట్టిగా పట్టి ఉంచలేకపోయాయి. బరువైన గుత్తి, ఒక కుదుపు తోడైతే నడుస్తుండగానే స్విచ్ జారి ఇంజన్ ఆగేది, ఎయిర్‌బ్యాగులు పనిచేసేవి కావు. ఆ లోపంతో ముడిపడిన 124 మరణాలకు కంపెనీ ఏర్పాటు చేసిన నిధి నుంచి పరిహారం అందింది. ఇగ్నిషన్‌లో ఒక్క తాళంచెవే వేలాడాలి. ఇంటివీ, గోడౌనువీ వేరే గుత్తిలో ఉండాలి.

అమరిక మార్చే విధానం

కొత్త తాళం కొనేటప్పుడు మొదట చూడాల్సింది తాళంచెవి కాడ పక్కలనున్న గాడులు. పాత తాళంచెవి కొత్త తాళంలోకి చివరిదాకా దిగాలి. తిరగకపోయినా ఫరవాలేదు, దిగితే చాలు. దిగకపోతే ఆ రెండింటినీ కలపడం కుదరని పని, వేరే తాళం వెతకాలి. కొన్ని మోడళ్లకు వేఫర్లు పేర్చకుండానే ఖాళీ సిలిండరు (బ్యారెల్, హౌసింగు కలిసిన భాగం), విడిగా వేఫర్ల పొట్లం దొరుకుతాయి. అది దొరికితే పని సులువు.

బ్యాటరీ నెగటివ్ కనెక్షను తీసేయాలి. స్టీరింగులో ఎయిర్‌బ్యాగు ఉన్న బండైతే కాలమ్ విప్పే పని ఆ బండి తెలిసినవారికే వదలాలి. చాలా బళ్లలో తాళంచెవిని మొదటి మెట్టుకు తిప్పి, పక్కనున్న చిన్న రంధ్రంలోంచి పిన్నును నొక్కితే సిలిండరు బయటికి జారుతుంది. పాత తాళం ఏ తాళంచెవికీ తిరగని స్థితికి వస్తే ఈ దారి మూసుకుపోతుంది, డ్రిల్లు చేయాల్సి వస్తుంది. మొరాయించడం మొదలైనప్పుడే మార్చుకోవాలని చెప్పేది ఇందుకే.

కొత్త బ్యారెల్‌ను హౌసింగు నుంచి తీసి, తెల్లటి గుడ్డ పరిచిన పళ్లెంలో పెట్టుకోవాలి. స్ప్రింగులు ఎగిరిపడితే మళ్లీ దొరకవు. వేఫర్లను ఒక్కోటిగా తీసి, వాటి మీది అంకె చూసి వరసగా పేర్చాలి. అంకె లేకపోతే రంధ్రం ఎత్తును కొలవాలి. మనకు కావలసింది 2-3-1-3-4-3 అనుకున్నాం. కొత్త తాళంలో 4-2-3-1-3-5 ఉందనుకుందాం. అంటే 1, 2, 4 ఒక్కోటి ఉన్నాయి, 3 రెండున్నాయి. ఆరింటిలో అయిదు వాటిలోనే దొరికాయి. ఇంకొక మూడో రకం వేఫరు కావాలి. దాన్ని పాత ఇగ్నిషన్ తాళం నుంచి తీసుకోవచ్చు, అరిగి ఉండకపోతే. లేదంటే పొట్లం కొనాలి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు వరసను తిరగేయడం. కొన్ని కంపెనీలు గాట్లను తాళంచెవి తలవైపు నుంచి లెక్కపెడతాయి, కొన్ని కొసవైపు నుంచి. ఎటు నుంచి మొదలుపెట్టామో కాగితం మీద రాసుకోవాలి. పేర్పు పూర్తయ్యాక తాళంచెవి దూర్చి బ్యారెల్ చుట్టూ వేలితో నిమిరితే ఏ వేఫరూ తగలకూడదు. తీసేస్తే అన్నీ ఒక్కసారి బయటికి రావాలి. హౌసింగులో పెట్టాక సరైన తాళంచెవి తేలిగ్గా తిరగాలి. కొత్త తాళంతో వచ్చిన తాళంచెవి మాత్రం తిరగకూడదు. ఈ రెండో పరీక్షను మరవకూడదు. పక్కన కడ్డీ ఉండే తాళాల్లో వేఫర్లు బిగుసుకున్న మూత కింద ఉంటాయి, వాటిని అనుభవం ఉన్నవారి చేత చేయించడమే మంచిది.

దగ్గరి దారుల నష్టం

వేఫరు సమంగా నిలవకపోతే పైకి వచ్చిన కొసను ఆకురాయితో రాసేయడం ఒక అడ్డదారి. రాసిన వేఫరు ఒకటికి మించిన లోతుల్ని ఒప్పుకుంటుంది. దొరకని వేఫరును అసలు వేయకుండా వదిలేయడం ఇంకో అడ్డదారి. దాని ఖరీదు పై లెక్కలోనే ఉంది. ఆరు వేఫర్లతో 15,625గా ఉన్న వరసలు అయిదింటితో 3,125కు, నాలుగింటితో 625కు పడిపోతాయి. సరుకుతో రాత్రంతా రోడ్డు పక్కన నిలిచే బండికి ఈ రాజీ తగదు. తాళంచెవినే గీరి రెండింటికీ సరిపెడదామంటే గాటును లోతు చేయగలమే గానీ, పోయిన లోహాన్ని తిరిగి నింపలేం. ఒక తాళానికి కుదిర్చేలోపు రెండోదానికి చెడుతుంది.

చిప్ ఉన్న తాళంచెవి

కొత్త బళ్లలో తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. తాళం చుట్టూ ఉన్న తీగచుట్ట దానికి సుమారు 125 కిలోహెర్ట్జ్‌ల తరంగాలతో శక్తినిచ్చి, అది పలికే గుర్తింపు సంఖ్యను బండిలోని కంప్యూటరుకు చేరవేస్తుంది. సంఖ్య కలిస్తేనే ఇంజన్ నడుస్తుంది. ఐరోపాలో 1998 నుంచి కొత్త కార్లన్నిటికీ ఇలాంటి రక్షణ తప్పనిసరి అయింది. ఈ బళ్లలో అమరిక మార్చడం వల్ల లాభం రెట్టింపు. చిప్ పాత తాళంచెవిలో ఉంది, దాని గుర్తింపు కంప్యూటరులో ముందే నమోదై ఉంది. కొత్త తాళాన్ని పాత తాళంచెవికి సరిచేస్తే, ఎలక్ట్రానిక్ భాగాన్ని ముట్టుకునే పనే ఉండదు. కొత్త తాళంచెవి వాడాలంటే దాన్ని మళ్లీ నమోదు చేయించాలి.

సంఖ్యను కాపాడుకోవాలి

శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ఒక ప్రయోగం చేశారు. మేడ మీద కెమెరా పెట్టి, 195 అడుగుల దూరంలో ఒక బల్ల మీదున్న తాళంచెవులను ఫొటో తీశారు. ఆ ఫొటోలోంచి గాట్ల లోతులను లెక్కకట్టి పనిచేసే నకళ్లు తయారుచేశారు. తాళంచెవి మీద కోసి ఉన్నది సంఖ్యే అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. తాళంచెవి ఫొటోను వాట్సాప్‌లో పంపడమంటే సంఖ్యను పంపడమే. అమరిక మార్చమని వచ్చినవారిని ఆర్‌సీ చూపమని అడిగే మెకానిక్కు ఆ బండి యజమానికి మేలు చేస్తున్నాడు. విసుక్కోకుండా చూపాలి.

కొత్తలోనే సంఖ్యను రాసుకుని ఇంట్లో కాగితాలతో భద్రపరిస్తే, తాళంచెవులన్నీ పోయినా, తాళం అరిగినా మళ్లీ మొదటి కొలతకే వెళ్లవచ్చు. మన ఐటీఐలలో ఫిట్టరు చదివే పిల్లలు వెర్నియర్ మీద మిల్లీమీటరులో యాభయ్యో వంతు దాకా చదవడం నేర్చుకుంటున్నారు. డీజిల్ మెకానిక్ చదివేవారికి బండి విప్పడం వచ్చు. తాళం లెక్కకు కావలసిన రెండు విద్యలూ మన దగ్గరున్నాయి. వాటిని కలిపి ఒక్క ప్రాక్టికల్‌గా నేర్పితే, పల్లె దారి మీది చిన్న షెడ్డులో కూడా బాగున్న తలుపు తాళాలను పారేయకుండా ఇగ్నిషన్ తాళాన్ని సరిచేసే మెకానిక్కు ఉంటాడు. లారీ యజమానికి డబ్బు మిగులుతుంది, ఆ కుర్రవాడికి బతుకుతెరువు పెరుగుతుంది.